అవతలున్న ఆ ఒక్క పాప కోసం

బ్రిటన్‌లో ఇవాళ నలభై దాటి అరవైకి దగ్గరపడుతున్నవాళ్లలో చాలామంది ఫ్లోయెల్లా బెంజమిన్ ఎదురుపడగానే తమ వయసు మరిచిపోతారు. ఉద్యోగం ఏదైనా, హోదా ఏదైనా ముఖం విప్పారుతుంది, మాట తడబడుతుంది. మూడు నాలుగేళ్ల పిల్లలైపోయి, చిన్నప్పుడు టీవీలో ఆమె పాడింది తమ ఒక్కరి కోసమే అనుకున్నామని చెప్పేస్తారు. పార్లమెంటులోనూ ఆమెకు ఇదే అనుభవం. వాళ్లందరినీ ఆమె 'నా ప్లే స్కూల్ పిల్లలు' అనే పిలుచుకుంటారు.

1976 నుంచి 1988లో ఆ కార్యక్రమం ముగిసేదాకా బీబీసీ 'ప్లే స్కూల్'లో ఆడి, పాడి, కథలు చెప్పిన మనిషి ఆమె. సన్నని జడలు, వాటి కొసలకు రంగురంగుల పూసలు, కళ్లలోంచి మొదలయ్యే నవ్వు... ఒక తరం బ్రిటిష్ బాల్యానికి ఇవి గుర్తులు. ఆమె రంగస్థల గాయని, నటి, యాంకర్, రచయిత్రి, నిర్మాత, విశ్వవిద్యాలయ ఛాన్సలర్, చట్టసభ సభ్యురాలు. వీటిని విడివిడి విజయాలుగా చెప్పుకోవడం మామూలే. దగ్గరగా చూస్తే మాత్రం ఆమె జీవితమంతా ఒకే పని చేశారనిపిస్తుంది. పసిపిల్లను పూర్తి మనిషిగా లెక్కించడం, అలాగే లెక్కించమని పెద్దవాళ్లను పట్టుబట్టి అడగడం.

ఆ పట్టుదల ఎక్కడి నుంచి వచ్చిందో తెలియాలంటే కరీబియన్ దీవి ట్రినిడాడ్‌కు వెళ్లాలి. 1949 సెప్టెంబరు 23న అక్కడి పాయింట్-ఎ-పియర్‌లో పుట్టింది ఫ్లోయెల్లా. ఆరుగురు పిల్లల్లో ఒకరు. తండ్రికి జాజ్ సంగీతమంటే ప్రాణం. తల్లిని పిల్లలు 'మార్మీ' అనేవారు. ట్రినిడాడ్ అప్పటికింకా బ్రిటిష్ వలసే. బడిలో పిల్లలు బ్రిటన్ జాతీయగీతం పాడేవారు, బ్రిటన్ చరిత్రే చదివేవారు. సముద్రానికి అవతల ఉన్న ఆ దేశం తమదేననీ, అక్కడి రాణి తమ రాణేననీ నమ్మి పెరిగారు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటన్‌కు పనివాళ్లు కావలసివచ్చారు. 1948 జూన్‌లో 'ఎంపైర్ విండ్‌రష్' ఓడ కరీబియన్ జనంతో లండన్ దగ్గరి టిల్బరీ రేవు చేరింది. ఆ తర్వాత రెండు దశాబ్దాల పైచిలుకు కాలంలో వచ్చినవాళ్లందరికీ ఆ ఓడ పేరే స్థిరపడిపోయింది. ఫ్లోయెల్లా తండ్రి ముందు వెళ్లాడు. తర్వాత తల్లి చిన్నవాళ్లిద్దరిని తీసుకుని బయల్దేరింది. మిగిలిన నలుగురూ ఊళ్లో పరాయి ఇళ్లలో ఉండిపోయారు. అక్కడ వాళ్లను సరిగా చూడలేదు. పిల్లలు అడ్డూఆపూ లేని చాకిరీ చేశారు, దెబ్బలు తిన్నారు. ఏడాది దాటాక టికెట్లు వచ్చాయి. 1960లో ఆ నలుగురూ పెద్దల తోడు లేకుండా ఓడెక్కి, రెండు వారాల ప్రయాణం చేసి సౌతాంప్టన్ రేవులో దిగారు. గట్టు మీద మార్మీ నిలబడి ఉంది. ఫ్లోయెల్లాకు అప్పటికింకా పదకొండేళ్లు నిండలేదు.

తమదనుకున్న దేశం వాళ్లను తమవాళ్లనుకోలేదు. నల్లవాళ్లకు ఇళ్లు అద్దెకిచ్చేవారు కరువు. లండన్‌లో మొదట కుటుంబమంతా ఒకే గదిలో సర్దుకుంది. దారిన పోతుంటే తిట్లు. బడిలో ట్రినిడాడ్ యాసతో పాఠం చదివితే టీచర్ మధ్యలోనే ఆపేసి, తన తరగతిలో ఉండాలంటే రాణిగారి ఇంగ్లిష్ నేర్చుకోవాలని కసిరింది. కుటుంబం నాలుగు డబ్బులు కూడబెట్టుకుని లండన్ శివారు బెకెన్‌హామ్‌లో ఇల్లు చూసుకోవడానికి వెళ్తే, దొంగలు పడ్డారంటూ ఇరుగుపొరుగు పోలీసులను పిలిచారు. బెకెన్‌హామ్ పేరును ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. యాభై ఏళ్ల తర్వాత అది మళ్లీ వస్తుంది.

పద్నాలుగేళ్ల వయసులో జరిగిన ఒక సంఘటనను ఆమె చాలాసార్లు చెప్పారు. ఒంటిరంగు మీద వెటకారాలాడుతూ ఒక కుర్రాడు వెంటపడ్డాడు. అప్పటిదాకా అలాంటివాళ్లకు పిడికిళ్లతోనే జవాబిచ్చిన ఫ్లోయెల్లా వాడి చేతిలోని లాలీపాప్ లాక్కుని వాడి గొంతులోనే కుక్కింది. ఊపిరాడక వాడి మొహం రంగు మారుతుంటే ఆమెకు మార్మీ మాటలు చెవిలో వినిపించాయట. లాలీపాప్ బయటికి లాగేసి, ఇకమీదట ఎవరైనా ఏమన్నా అది వాళ్ల బుద్ధిలోని లోపమే తప్ప తన లోపం కాదని తీర్మానించుకుంది. తెర మీద అందరూ చూసిన ఆ నవ్వు అంత సుకుమారంగా పుట్టింది కాదు. పద్నాలుగేళ్ల పిల్ల తెలిసి ఎంచుకున్న ఆయుధం అది.

పదహారేళ్లకే చదువు ఆపి బార్‌క్లేస్ బ్యాంకులో అకౌంట్స్ విభాగంలో చేరారు. బ్రిటన్‌లో మొదటి నల్లజాతి మహిళా బ్యాంక్ మేనేజర్ కావాలన్నది అప్పటి కల. తండ్రి నుంచి వచ్చిన సంగీతం మాత్రం ఊరుకోలేదు. ఒకరోజు పేపర్లో గాయకులు, నర్తకులు కావాలన్న ప్రకటన చూసి, మధ్యాహ్నం భోజనం వేళలో ఆడిషన్‌కు వెళ్లారు. అది అప్పట్లో లండన్‌ను ఊపేస్తున్న 'హెయిర్' సంగీత నాటకం. అందులో నటులు బట్టల్లేకుండా నిలబడే సన్నివేశం ఒకటుంది. ఆ పని చేయనని ఇరవై, ఇరవై ఒక్కేళ్ల ఫ్లోయెల్లా ముందే చెప్పేశారు. అయినా తీసుకున్నారు. అవకాశం కోసం తలవంచాల్సిన చోట నిక్కచ్చిగా నిలబడ్డ ఆ మధ్యాహ్నమే, తర్వాతి కథంతటికీ అసలైన ఆరంభం.

ఆ తర్వాత 'జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్'. 1975లో 'ది బ్లాక్ మికాడో'. గిల్బర్ట్, సల్లివన్‌ల పాత సంగీత ప్రహసనాన్ని నల్లజాతి నటబృందంతో, రెగె, కాలిప్సో బాణీలతో తిరగరాసిన నాటకమది. టీవీలో మహిళా జైలు నేపథ్యంగా సాగే 'వితిన్ దీజ్ వాల్స్' లాంటి ధారావాహికల్లో నటించారు. 1977లో ఆంథొనీ సిమన్స్ తీసిన 'బ్లాక్ జాయ్' సినిమాలో నాయిక. గయానా నుంచి లండన్‌లోని బ్రిక్స్‌టన్‌కు వచ్చిపడ్డ ఓ అమాయకుడి కథ అది. బ్రిటన్ తరఫున కాన్ చలనచిత్రోత్సవానికి వెళ్లింది. నటిగా అది చిన్న గుర్తింపు కాదు. ఆ దారినే సాగిపోయి ఉంటే ఇంకో రకమైన పేరు వచ్చేది. కానీ అప్పటికే ఆమె అంతకంటే చిన్న స్టూడియోలోకి, అంతకంటే చిన్న ప్రేక్షకుల దగ్గరికి వెళ్లిపోయారు.

'ప్లే స్కూల్' పుట్టుకే ఓ కథ. బీబీసీ రెండో ఛానల్ 1964 ఏప్రిల్ 20 రాత్రి అట్టహాసంగా ప్రారంభం కావాలి. ఆ సాయంత్రం విద్యుత్ కేంద్రంలో ప్రమాదం జరిగి పశ్చిమ లండన్ చీకటైంది, ప్రారంభోత్సవం రద్దయింది. దాంతో మర్నాడు ఉదయం 11 గంటలకు వచ్చిన పిల్లల కార్యక్రమమే ఆ ఛానల్‌లో అనుకున్న ప్రకారం ప్రసారమైన మొదటి కార్యక్రమం అయింది. రూపొందించినది జాయ్ విట్బీ. బడి ఈడు రాని పిల్లలకు ఏదో ఒకటి చూపించి కూర్చోబెట్టడం ఆమె ఉద్దేశం కాదు. యాంకర్ల ఎంపికలోనే అది తెలుస్తుంది. బ్రయాన్ కాంట్ అనే నటుడు ఆడిషన్‌కు వెళ్తే, అట్టపెట్టె ఒకటి చూపించి, అందులో కూర్చుని పడవ నడపమంది. అట్టపెట్టెలో కూర్చోవడానికి సిగ్గుపడేవాళ్లు ఆ ఉద్యోగానికి పనికిరారు. కాంట్ ఎక్కి కూర్చున్నాడు, ఇరవై ఏళ్లకు పైగా దిగలేదు.

సెట్టు ఒక ఇల్లు. గోడకు కిటికీలు... ఒకటి గుండ్రం, ఒకటి చతురస్రం, ఒకటి పైన కమాను తిరిగినది. రోజుకో కిటికీలోంచి కెమెరా బయటి లోకానికి వెళ్తుంది. ఏ బిస్కట్ల ఫ్యాక్టరీకో, ఏ పాల డెయిరీకో. ఇవాళ ఏ కిటికీ అన్నది దేశంలోని మూడేళ్లవాళ్లందరికీ రోజూ తేలాల్సిన పెద్ద విషయం. ఒక గడియారం, దానికింద కథకు సంబంధించిన బొమ్మలు. హంప్టీ, బిగ్ టెడ్, లిటిల్ టెడ్, జెమీమా, హాంబుల్ అనే ఐదు బొమ్మలు. ఇద్దరు యాంకర్లు, ఒక పియానో. అంతే సరంజామా. మిగతాదంతా ఆ ఇద్దరి ఒంట్లోంచి, గొంతులోంచి రావాలి. ఈ నమూనాను ఇతర దేశాలూ తీసుకున్నాయి. ఆస్ట్రేలియాలో 1966లో మొదలైన 'ప్లే స్కూల్' ఇప్పటికీ నడుస్తోంది.

సంగీత నాటకాల్లో పాడేవాళ్లు గొంతును చివరి వరుసలో, బాల్కనీలో కూర్చున్నవాళ్లకు విసరాలి. ఇక్కడ ప్రేక్షకురాలు టీవీకి రెండడుగుల దూరంలో, నేల మీద, బొటనవేలు నోట్లో పెట్టుకుని కూర్చుని ఉంటుంది. 'పిల్లలూ' అని గుంపును పలకరిస్తే ఆ పాపకు అది తనను కాదనిపిస్తుంది. అందుకే 'ప్లే స్కూల్' యాంకర్లు కెమెరా అద్దంలోకి సూటిగా చూసి, అవతల ఒక్క చిన్నారే ఉన్నట్టు మాట్లాడేవారు. ప్రశ్న అడిగి, జవాబు వచ్చేంతసేపు ఆగేవారు. పాట మధ్యలో చప్పట్లకు చోటు వదిలేవారు. వినడానికి తేలిక. కానీ వెలుగులు, యంత్రాలు, పెద్దవాళ్లు నిండిన స్టూడియోలో నిలబడి, కనిపించని పాప జవాబును నిజంగా విన్నట్టు ముఖం పెట్టాలంటే నటన తెలియాలి. ఆ పాపను నిజంగా ప్రేమించాలి కూడా. ఫ్లోయెల్లాలో ఈ రెండూ ఎంతగా కలిసిపోయాయంటే, ఆ కాలపు రికార్డింగులు ఇవాళ చూసినా ఎక్కడ నటన ఆగి ఎక్కడ ఆప్యాయత మొదలైందో చెప్పడం కష్టం. ఆమె గాత్రశక్తి సంగీత నాటకాల వేదికల మీదే ఎక్కువగా తెలిసిందని విమర్శకులు అంటే అనొచ్చు. బాల్కనీ దాకా వెళ్లే గొంతును రెండడుగుల దూరానికి తగ్గించి, ఉత్సాహం మాత్రం పిసరంత తగ్గకుండా పాడటమే ఆమెలోని గాయని చేసిన అతి కష్టమైన పనని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

తెర మీది మొదటి నల్లముఖం ఆమెది కాదు. 1960ల్లోనే పాల్ డాంక్వా అక్కడ యాంకర్‌గా చేశాడు. పాటలు కట్టి, వాయించి, పాడి, మూకాభినయం చేసే డెరెక్ గ్రిఫిత్స్ అప్పటికే పిల్లలకు ప్రాణం. కానీ ఆమె వచ్చిన ఏడాది ఎలాంటిదో చూడాలి. 1976లో అదే బీబీసీ సాయంత్రాల పూట 'ది బ్లాక్ అండ్ వైట్ మిన్‌స్ట్రెల్ షో' ప్రసారం చేస్తోంది. తెల్లవాళ్లు ముఖాలకు నల్లరంగు పూసుకుని, పెదాల చుట్టూ తెల్లగీత గీసుకుని పాడే వినోదమది. 1958లో మొదలై 1978 దాకా సాగింది. అంటే రెండేళ్లపాటు ఒకే సంస్థలో పెద్దవాళ్లకు నల్లతనం ఒక రంగుపూత, పిల్లలకు మాత్రం అది పూసల జడలతో తమను పేరుపెట్టి పిలుస్తున్నట్టుండే అక్క. ఈ రెంటిలో బ్రిటన్ మనసులో ఎక్కువకాలం ఏది నిలిచిందో చెప్పనక్కర్లేదు.

ఆమె కనిపించడంతో సరిపెట్టుకోలేదు. కార్యక్రమంలో కథలు చెప్పేటప్పుడు చూపించే బొమ్మల్లో ముఖాలన్నీ తెల్లవే. నల్లవాళ్లు, ఆసియావాళ్లు, చైనావాళ్లు ఎందుకు లేరని నిర్మాతను అడిగారు. మాకు తట్టనే లేదన్నారు వాళ్లు. ఆ తర్వాత బొమ్మలు మారాయి. దురుద్దేశంతో చేసిన తప్పయితే పోట్లాడవచ్చు. తట్టకపోవడం అనేదాన్ని పక్కన నిలబడి ఎవరో ఒకరు వేలుపెట్టి చూపించాల్సిందే. అందుకు ఆ గదిలో ఆమెలాంటి మనిషి ఉండాలి, ఉన్నాక నోరు తెరవాలి. చిన్నప్పుడు చదివిన పుస్తకాల్లో తనలాంటి పిల్ల కనబడని లోటు ఆమెకు తెలుసు. 1986లో హాంబుల్ బొమ్మ తెరమరుగై, దాని చోట్లో పాపీ అనే నల్లజాతి పాప బొమ్మ వచ్చింది.

పనిలో పనిగా 'ప్లే అవే'లోనూ పాడారు. కొంచెం పెద్ద పిల్లల కోసం పాటలు, జోకులతో నడిచిన కార్యక్రమం అది. తర్వాతి రోజుల్లో హాలీవుడ్‌కు వెళ్లిన జెరెమీ ఐరన్స్ కూడా మొదట్లో అందులో పాడినవాడే. పిల్లల టీవీ అప్పట్లో బ్రిటిష్ నటులకు ఎంత గట్టి శిక్షణో ఈ ఒక్క పేరు చాలు చెప్పడానికి.

'ప్లే స్కూల్' 1988లో ముగిసింది. అంతకు ముందు ఏడాదే ఆమె భర్త కీత్ టేలర్‌తో కలిసి సొంత నిర్మాణ సంస్థ పెట్టారు. 'ట్రీ హౌస్' లాంటి పిల్లల కార్యక్రమాలు అందులోంచి వచ్చాయి. 1990ల్లో తన బాల్యాన్ని 'కమింగ్ టు ఇంగ్లండ్' పేరుతో పుస్తకంగా రాశారు. పరాయి ఇళ్లలో గడిపిన నెలలు, ఓడ, గట్టు మీద మార్మీ, బడిలో అవమానం... దాచుకోకుండా, పిల్లలకు అర్థమయ్యే మాటల్లో. ఆ పుస్తకం బ్రిటిష్ బడుల్లోకి వెళ్లింది. 2003లో బీబీసీ దాన్ని చిత్రంగా తీసింది, 2022లో బర్మింగ్‌హామ్‌లో నాటకంగా వేశారు. వలస కష్టాల గురించి పెద్దల కోసం రాసినవి ఎన్నో ఉన్నాయి. పదేళ్ల పిల్ల కళ్లతో, పదేళ్ల పిల్లల కోసం రాసినవి తక్కువ. నటన కూడా పూర్తిగా వదల్లేదు. 'డాక్టర్ హూ' కుటుంబానికి చెందిన 'ది సారా జేన్ అడ్వెంచర్స్'లో ప్రొఫెసర్ రివర్స్‌గా కనిపించి, తన ప్లే స్కూల్ పిల్లల పిల్లలనూ పలకరించారు.

2006 నుంచి పదేళ్లు ఎక్సెటర్ విశ్వవిద్యాలయానికి ఛాన్సలర్. స్నాతకోత్సవంలో పట్టా ఇచ్చి చేయి కలపడం ఆచారం. ఆమె మాత్రం పట్టభద్రులను కౌగిలించుకునేవారు. 2010లో లిబరల్ డెమోక్రాట్ల తరఫున పార్లమెంటు ఎగువసభ హౌస్ ఆఫ్ లార్డ్స్‌లో అడుగుపెట్టారు. అక్కడ సభ్యులు తమ బిరుదుకు ఒక ఊరి పేరు జోడించుకోవచ్చు. ఆమె ఎంచుకున్నది బెకెన్‌హామ్. ఇల్లు చూడటానికి వెళ్తే పోలీసులను పిలిచిన ఊరికి బారనెస్ ఆమె ఇప్పుడు.

సభలో ఆమె ప్రసంగాలు చాలావరకు పిల్లల చుట్టూనే తిరుగుతాయి. మంత్రివర్గంలో పిల్లల కోసం ప్రత్యేక మంత్రి ఉండాలని ఆమె సభకు రాకముందే ఏళ్ల తరబడి పోరాడారు. 2003లో ఆ పదవి ఏర్పడింది. ఇంటర్నెట్‌లో అశ్లీల చిత్రాలు పిల్లల కంటపడకుండా వయసు నిర్ధారణ తప్పనిసరి చేయాలన్నది ఇంకో పోరాటం. 2017 నాటి చట్టంలో ఆ నిబంధన చేరింది, అమలు మాత్రం కాలేదు. 2019లో ప్రభుత్వం చేతులెత్తేసింది. ఆమె ఎత్తలేదు. 2023లో ఆన్‌లైన్ భద్రతా చట్టం వచ్చేదాకా అడుగుతూనే ఉన్నారు.

గౌరవాలకు లోటు లేదు. 2020లో డేమ్ బిరుదు, 2022లో ఇరవై నలుగురికి మించి సభ్యులుండని 'ఆర్డర్ ఆఫ్ మెరిట్'. 2022 జూన్ 22న లండన్ వాటర్లూ స్టేషన్‌లో విండ్‌రష్ తరం స్మారకాన్ని ఆవిష్కరించారు. దాన్ని సాధించిన కమిటీకి అధ్యక్షురాలు ఆమె. జమైకాలో పుట్టిన శిల్పి బాసిల్ వాట్సన్ చేసిన కంచు విగ్రహాలవి. సూట్‌కేసుల గుట్ట మీద చేతులు పట్టుకుని నిలబడ్డ తండ్రి, తల్లి, బిడ్డ. దశాబ్దాలుగా బ్రిటన్‌లోనే బతికిన ఆ తరంవాళ్లను కాగితాలు లేవంటూ నిర్బంధించి, కొందరిని దేశం నుంచి పంపేసిన సంగతి 2018లో బయటపడి ఎంతోకాలం కాలేదు. కొందరు కంచు బొమ్మ కాదు, పరిహారం ముఖ్యమన్నారు. వాళ్ల కోపం న్యాయమైనదే. 2023 మే 6న మూడో చార్లెస్ పట్టాభిషేకంలో, పావురం శిఖరంగా ఉన్న రాజదండాన్ని మోసుకుంటూ ఆమె వెస్ట్‌మినిస్టర్ అబేలో నడిచారు. న్యాయానికీ దయకూ గుర్తుగా చెప్పే దండమది. 2024 మేలో బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ బాఫ్టా తన అత్యున్నత గౌరవమైన ఫెలోషిప్ ఇచ్చింది. సినిమా తారలకూ, పెద్ద దర్శకులకూ ఎక్కువగా వెళ్లే ఆ గౌరవం, అట్టపెట్టెల్లో పడవలు నడిపిన లోకానికి దక్కడం ఆనందించదగ్గ విషయం.

అయితే ఆ లోకమే ఇప్పుడు కుంచించుకుపోతోంది. దాని వెనక కథ కొంచెం చిక్కుగా ఉంటుంది. పిల్లల కార్యక్రమాల మధ్య చిరుతిళ్ల ప్రకటనలను 2006 తర్వాత బ్రిటన్ నిషేధించింది. పిల్లల ఆరోగ్యానికి అది మంచిదే. కానీ ఆ ప్రకటనల డబ్బుతోనే ప్రైవేటు ఛానళ్లు పిల్లల కార్యక్రమాలు తీసేవి. డబ్బు ఆగగానే తీయడం ఆపేశాయి. పెద్ద ప్రైవేటు సంస్థ ఐటీవీ అయితే నిషేధం రాకముందే, 2006లోనే తన పిల్లల నిర్మాణ విభాగాన్ని మూసేసింది. మిగిలింది దాదాపు బీబీసీ ఒక్కటే. దిగుమతి చేసుకున్న కార్టూన్లు ఖాళీని నింపాయి. వాటిలో వినోదం ఉండొచ్చు. కానీ లీడ్స్‌లోనో గ్లాస్గోలోనో ఉన్న నాలుగేళ్ల పాప యాస, వీధి, బస్సు, వంటిల్లు అందులో ఉండవు. తన ముఖం లేని పుస్తకాలు చదివి పెరిగిన ఫ్లోయెల్లాకు ఈ లోటు ఎలాంటిదో ఎవరూ వివరించాల్సిన అవసరం లేదు.

పిల్లల కార్యక్రమాలకు ప్రజాధనం కేటాయించాలని ఆమె, మరికొందరు ఏళ్లపాటు ఒత్తిడి తెచ్చాక 2019లో ఒక నిధి మొదలైంది. మూడేళ్లకు 5.7 కోట్ల పౌండ్లు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ చేతుల మీదుగా, అందరికీ ఉచితంగా అందే ఛానళ్ల కోసం తీసే పిల్లల కార్యక్రమాలకు నిర్మాణ ఖర్చులో సగం దాకా ఇచ్చేవారు. కొత్త నిర్మాతలు వచ్చారు, ఛానళ్లు మళ్లీ తలుపులు తెరిచాయి. 2022లో ప్రభుత్వం ఆ నిధిని పొడిగించకుండా ఆపేసింది. పిల్లలు ఈలోగా టీవీ ముందు నుంచి లేచి ఫోన్లలోకి, యూట్యూబ్‌లోకి వెళ్లిపోయారు. అక్కడ తర్వాత ఏం చూడాలో నిర్ణయించేది ఒక లెక్కల యంత్రం. దానికి అవతల కూర్చున్నది నాలుగేళ్ల పిల్లా నలభై ఏళ్ల మనిషా అన్న పట్టింపు లేదు. ఆ నిధిని తిరిగి తెరవాలని, పిల్లలున్న చోటికే మంచి కార్యక్రమాలు వెళ్లాలని లార్డ్స్ సభలో అడిగేవాళ్లలో బెకెన్‌హామ్ బారనెస్ ముందుంటారు. ఆమె అడుగుతున్నప్పుడు జవాబు చెప్పాల్సిన మంత్రుల్లో కొందరు, లెక్క ప్రకారం, ఆమె పిల్లలే.